ముఖమా, మాటా, కాగితమా: అబద్ధం పట్టడానికి దేన్ని నమ్ముకోవాలి?

ముఖం చూసి అబద్ధం పట్టేయవచ్చని చెప్పే వీడియోలు తెలుగులో ఇప్పుడు కోకొల్లలు. ముక్కు గోక్కుంటే అబద్ధం, చేతులు కట్టుకుంటే ఏదో దాస్తున్నట్టు, కళ్లు పైకి కుడివైపు తిప్పితే కథ అల్లుతున్నట్టు అని అవి నేర్పుతాయి. వాటిని నమ్మి పనిమనిషిని మాన్పించినవాళ్లు, కుదరబోయిన సంబంధం వదులుకున్నవాళ్లు, ఇల్లు అద్దెకడిగిన కుర్రాణ్ని గుమ్మంలోంచే పంపేసినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. వాళ్లలోనే కొందరు, నవ్వుతూ కళ్లలోకి సూటిగా చూస్తూ మాట్లాడిన స్థలాల బ్రోకరుకి లక్షల్లో అడ్వాన్సు ఇచ్చేశారు. రెండు తప్పులకూ మూలం ఒకటే. అబద్ధం పట్టే దారులు చాలా ఉండగా, అన్నిటికన్నా బలహీనమైనదాన్నే గట్టిగా పట్టుకోవడం.

గుంటూరులో బ్యాంకు రుణాల విభాగంలో నేను చాలాకాలం పనిచేశాను. ఎదురుగా కూర్చున్న మనిషి చెప్పేది ఎంతవరకు నిజమో అక్కడ రోజూ తేల్చుకోవాలి. రిటైరయ్యాక కూడా బంధువులు, అపార్ట్‌మెంట్‌లో ఇరుగుపొరుగు "ఒకసారి వచ్చి కూర్చోండి, మనిషిని చూసి చెప్పండి" అని పిలుస్తుంటారు. అలా పిలిచేవాళ్లకు నేను చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. ముఖం, ఒళ్లు, గొంతు, చెప్పే మాటలోని సరుకు, మనం అడిగే తీరు, బయట దొరికే ఆధారం, యంత్రం: వీటిలో ఏది ఎక్కడ పనికొస్తుంది, ఏది ఎక్కడ కొంప ముంచుతుంది అన్నదే విషయం.

ముందుగా ఒక లెక్క తెలిసి ఉండాలి. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు అంతవరకు జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి 2006లో ఫలితం ప్రకటించారు. 24 వేల మందికి పైగా ఇచ్చిన తీర్పులు అందులో ఉన్నాయి. ఎదుటివాళ్లు చెప్పేది నిజమో అబద్ధమో చూసి, విని చెప్పమంటే సగటున నూటికి 54 సార్లే సరిగ్గా చెప్పగలిగారు. బొమ్మా బొరుసా వేసుకుని చెప్పినా 50 వస్తుంది. విడదీసి చూస్తే, నిజాన్ని నిజమని గుర్తించడం 61 శాతం, అబద్ధాన్ని అబద్ధమని గుర్తించడం 47 శాతం. మనిషి స్వభావం నమ్మడం వైపే మొగ్గుతుందన్నమాట. పోలీసులు, న్యాయాధికారులు, రోజూ మనుషుల్ని ప్రశ్నించే ఉద్యోగులు కూడా మామూలు జనం కన్నా పెద్దగా మెరుగని తేలలేదు. "నేను చూస్తే చెప్పేస్తా" అనే ధీమాకూ, ఆ అంచనా నిజమవడానికీ దాదాపు సంబంధం లేదని కూడా తేలింది.

ముఖం

ముఖం మీద ఇంత మోజు రావడానికి ఒక గౌరవనీయమైన కారణమే ఉంది. పాల్ ఎక్మన్, వాలెస్ ఫ్రీసన్ అనే శాస్త్రవేత్తలు, దాచిపెట్టిన భావం ఒక్కోసారి ముఖం మీద తళుక్కుమని మెరిసి మాయమవుతుందని 1969లో రాశారు. దాన్నే మైక్రో ఎక్స్‌ప్రెషన్ అంటారు. సెకనులో ఇరవై ఐదో వంతు నుంచి ఐదో వంతు దాకా మాత్రమే ఉంటుంది. 1978లో ఆ ఇద్దరే ముఖంలోని ఒక్కో కండరం కదలికకు ఒక్కో నంబరు ఇచ్చి పెద్ద పట్టిక తయారుచేశారు. ఇప్పటికీ పరిశోధకులు దాన్ని వాడుతున్నారు. అది గట్టి పని, దాన్ని నేను తక్కువ చేయను.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ మెరుపులు చాలా అరుదు. 2008లో కెనడాలో స్టీఫెన్ పోర్టర్, లియాన్ టెన్ బ్రింక్ 697 ముఖ కవళికల్ని ఫ్రేము ఫ్రేముగా పరిశీలించారు. మైక్రో ఎక్స్‌ప్రెషన్ కనిపించినవి 14 మాత్రమే. అవీ ముఖమంతా కాకుండా, పైభాగంలోనో కింది భాగంలోనో సగం సగంగా వచ్చినవి. భావాన్ని నటించినవాళ్లలోనే కాదు, నిజంగా అనుభవించినవాళ్లలోనూ అవి వచ్చాయి. ఫ్రేము ఫ్రేముగా చూస్తే దొరికినవి అంత తక్కువైతే, డ్రాయింగ్ రూములో కాఫీ తాగుతూ, మాట్లాడుతూ మనం పట్టేస్తాం అనుకోవడం ఎంతవరకు సబబు?

దీనికన్నా పెద్ద చిక్కు ఇంకోటి. ముఖంలో భావం కనిపిస్తుంది, దాని కారణం కనిపించదు. బీరువాలో గాజు కనపడలేదని ఇంట్లో పనిచేసే అమ్మాయిని పిలిచి అడిగారనుకోండి. ఆమె ముఖం పాలిపోతుంది, గొంతు తడారిపోతుంది. ముఖం మీద భయం ఉన్న మాట నిజం. కానీ ఆ భయం దొరికిపోతానన్న భయమా, చేయని తప్పు నెత్తిన పడుతుందన్న భయమా? రెండు భయాలకూ కండరాలు ఒకేలా కదులుతాయి. పేదవాళ్లకు రెండో భయమే ఎక్కువ, ఎందుకంటే వాళ్ల మాట ఎవరూ నమ్మరని వాళ్లకు ముందే తెలుసు.

కళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "నా కళ్లలోకి చూసి చెప్పు" అనడం మన దగ్గరే కాదు, లోకమంతా ఉంది. 75 దేశాల్లో జనాన్ని అడిగి చూస్తే, అబద్ధం చెప్పేవాడు కళ్లు తప్పిస్తాడన్న నమ్మకమే అన్నిటికన్నా ఎక్కువగా వినిపించిందని 2006లో ప్రకటించారు. కొలిచి చూసినప్పుడు మాత్రం చూపు తప్పించడానికీ అబద్ధానికీ సంబంధం దాదాపు లేదు. అబద్ధం చెప్పేవాడికి కూడా ఈ నమ్మకం తెలుసు కాబట్టి, వాడు కావాలనే మన కళ్లలోకి చూస్తాడు. మన ప్రాంతంలో ఇంకో మెలిక ఉంది. పెద్దవాళ్ల ముందు, ఆఫీసరు ముందు తల వంచుకుని మాట్లాడటం మన పల్లెల్లో మర్యాద. ప్రత్తిపాడు వైపు నుంచి పంట రుణానికి వచ్చిన రైతు టేబుల్ మీద పేపర్‌వెయిట్ వైపు చూస్తూ, తువ్వాలు నలుపుతూ మాట్లాడేవాడు. కాగితాలన్నీ కడిగిన ముత్యంలా ఉండేవి. ఆ మనిషిని చూపులతో కొలిస్తే ఎంత అన్యాయం జరిగేదో ఆలోచించండి. కళ్లు కుడికి తిప్పితే అబద్ధం, ఎడమకు తిప్పితే జ్ఞాపకం అన్న సూత్రాన్ని 2012లో రిచర్డ్ వైజ్‌మన్ బృందం పరీక్షించింది. ఆధారం ఏమీ దొరకలేదు. ఆ సూత్రాన్ని పూర్తిగా వదిలేయండి.

మరి ముఖం చూడటం దండగా? కాదు. అబద్ధం పట్టడానికి పనికిరాని ముఖం, మనిషి బాధ తెలుసుకోవడానికి బాగా పనికొస్తుంది. పెళ్లిచూపుల్లో పెద్దలు ముహూర్తం మాట్లాడుతుంటే అమ్మాయి ముఖంలో ఒక్క క్షణం దిగులు కనిపించిందనుకోండి. అది "ఏదో దాస్తోంది" అనడానికి గుర్తు కాదు. తర్వాత వాళ్లమ్మో పిన్నో పక్కకు తీసుకెళ్లి "ఏంటమ్మా, ఇష్టం లేదా?" అని మెల్లగా అడగడానికి గుర్తు. హాస్టల్ నుంచి వచ్చిన పిల్లాడు "బాగానే ఉంది" అంటూ పెదవులతో మాత్రమే నవ్వాడు, కళ్ల పక్క ముడతలు పడలేదు. సంతోషంతో వచ్చే నవ్వులో కంటి చుట్టూ కండరం కూడా కదులుతుందని 1862లోనే డ్యుషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు రాశాడు. పెదవుల నవ్వు అబద్ధానికి రుజువేమీ కాదు, మర్యాదకు కూడా మనం అలాగే నవ్వుతాం. అయినా ఆ రాత్రి పిల్లాడి పక్కన కాసేపు ఎక్కువ కూర్చోవడానికి అది చాలు.

ఒళ్లు

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. అందులో దొంగ దొరికిపోతాడు. కాలనీలో నలుగురిని నిలబెట్టి "మీలో ఎవరో తీశారు" అని చూడండి, ఏ పాపం తెలియనివాడు కూడా భుజం తడుముకుంటాడు. డిపాలో బృందం 2003లో అబద్ధానికి గుర్తులని చెప్పుకునే 158 అంశాల్ని లెక్కలతో బేరీజు వేసింది. ఎక్కువ భాగం అబద్ధంతో సంబంధం లేనివో, ఉన్నా అతి బలహీనమైనవో అని తేలింది. కాళ్లూపడం, కూర్చున్న చోట కదలడం, ముఖం తడుముకోవడం లాంటివి నమ్మదగ్గ గుర్తులు కావు. మాటతో పాటు చేతులు తిప్పడం అబద్ధం చెప్పేటప్పుడు పెరగడం కన్నా కాస్త తగ్గడమే ఎక్కువ. ఆలోచించి మాట్లాడేవాడు ఒళ్లు బిగబట్టుకుంటాడు కదా. జనం అనుకునేదానికి ఇది సరిగ్గా ఎదురు.

ఇది పెద్ద ఎత్తున వాడి చూసినవాళ్లూ ఉన్నారు. అమెరికా విమానాశ్రయాల్లో ప్రయాణికుల హావభావాలు గమనించి అనుమానితుల్ని పక్కకు తీసే పథకం ఒకటి 2007లో మొదలైంది. దాని మీద సుమారు 90 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, ఆ పద్ధతి పనిచేస్తుందనడానికి తగిన ఆధారం లేదని, నిధులు తగ్గించాలని అక్కడి ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 2013లో సిఫారసు చేసింది.

మన పెద్దలు ఈ మాట ఎప్పుడో పట్టుకున్నారు. యాజ్ఞవల్క్య స్మృతిలో దుష్టసాక్షి లక్షణాలు ఉన్నాయి: ఒకచోట నిలవడు, పెదవుల మూలలు నాకుతాడు, నుదుట చెమట పడుతుంది, ముఖం రంగు మారుతుంది. ఇప్పటి వీడియోల్లో చెప్పేది ఇంచుమించు ఇదే జాబితా. దాని మీద వ్యాఖ్యానం రాసిన విజ్ఞానేశ్వరుడు అక్కడే ఒక హెచ్చరిక పెట్టాడు. ఈ లక్షణాలు దోషం ఉండవచ్చన్న ఊహకే గానీ దోషం తేల్చడానికి కావని, ఏది మనిషికి సహజంగా ఉన్నదో ఏది తప్పు వల్ల వచ్చిందో విడదీయడం కష్టమని. ఆ ధర్మశాస్త్రాన్ని తిక్కన కాలంలోనే కేతన తెలుగు చేశాడు. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల కిందటి ఆ జాగ్రత్త ఇప్పటి మూడు నిమిషాల వీడియోల్లో లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

"మామూలుగా ఎలా ఉంటాడో చూసుకుని, తేడా పట్టాలి" అని కొందరు శిక్షకులు చెబుతారు. తమ్ముడి విషయంలోనో, పాతికేళ్లుగా కలిసి వ్యాపారం చేస్తున్న భాగస్వామి విషయంలోనో అది కొంత పనికొస్తుంది. కొత్తవాడి విషయంలో పనికిరాదు. ఊరి పేరు, ట్రాఫిక్ సంగతి మాట్లాడినప్పుడు ఉన్న ప్రశాంతతను, "డబ్బు నువ్వే తీశావా" అన్నప్పటి టెన్షన్‌తో పోల్చడం సరైన పోలిక కాదు.

గొంతు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అబద్ధంలో స్వరం కాస్త హెచ్చే అవకాశం ఉంది గానీ, ఆ తేడా చెవికి అందేంత ఉండదు. జలుబు చేసినా, మాట నత్తిగా ఉన్నా, తెలంగాణ యాస వాడు విజయవాడలో కొత్తగా మాట్లాడినా మనకు తేడాగానే వినిపిస్తుంది.

మాటలోని సరుకు

ఇక్కడి నుంచి బలం పెరుగుతుంది. ఎలా చెప్పాడన్నది వదిలేసి ఏం చెప్పాడో వినడం మొదలుపెడితే, మనం పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

నిజంగా జరిగింది చెప్పేవాడు వెనక్కి వెళ్తాడు, "కాదు కాదు, మంగళవారం అనుకుంటా" అని దిద్దుకుంటాడు, "అది గుర్తులేదండీ" అంటాడు. ఇవి చూసి మనం తడబాటు అనుకుంటాం. కథ అల్లుకొచ్చినవాడు దిద్దుకోడానికి భయపడతాడు, మొదటి నుంచి చివరి దాకా పూసగుచ్చినట్టు ఒకే వరసలో చెబుతాడు. ఇంకో తేడా, వివరాలు ఎలాంటివి అన్నది. ఇజ్రాయెల్ పరిశోధకురాలు గాలిత్ నహరీ దీని మీద ఎంతో పనిచేశారు. అబద్ధం చెప్పేవాడికి వివరాలు ఎక్కువ చెబితే నమ్ముతారని తెలుసు, చెప్పినవి తనిఖీ చేస్తారేమోనన్న భయమూ ఉంటుంది. అందుకే తనిఖీకి దొరకని వివరాలే ఎక్కువ చెబుతాడు.

ఆటోనగర్‌లో పాత బండి కొనడానికి వెళ్లారనుకోండి. "ఒక్క చేతి మీద నడిచిన బండి సార్, డాక్టరు గారు వాడారు, ఆదివారం తప్ప బయటకు తీసేవారు కాదు, కన్నబిడ్డలా చూసుకున్నారు" అని ఒకాయన చెబుతాడు. ఎన్ని వివరాలో చూడండి, ఒక్కటైనా మనం వెళ్లి చూసుకోగలిగింది ఉందా? ఇంకొకాయన "పోయిన వేసవిలో క్లచ్ ప్లేట్లు మార్పించాం, అదిగో ఆ వరసలో మూడో షెడ్డు మెకానిక్కే చేశాడు, అడగండి" అంటాడు. నేనైతే రెండో ఆయన దగ్గర కూర్చుంటాను. ఇది కూడా నూటికి నూరు రుజువు కాదు, ముఖం మీద చెమట కన్నా మాత్రం చాలా మేలు.

అడిగే తీరు

డబ్బు, సమయం పెట్టి ఏదైనా ఒక్కటి నేర్చుకోవాలంటే ఇదే నేర్చుకోమంటాను. పాతికేళ్ల కిందటి దాకా పరిశోధన అంతా "అబద్ధికుడిలో ఏం కనిపిస్తుంది?" అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. తర్వాత ఆల్డర్ట్ వ్రై, పెర్ ఆండర్స్ గ్రాన్‌హాగ్, మరియా హార్ట్‌విగ్ లాంటివాళ్లు ప్రశ్నను మార్చారు: ఏం అడిగితే తేడా బయటపడుతుంది?

మొదటి ఉపాయం, ఊహించని ప్రశ్న. అబద్ధం చెప్పడానికి వచ్చినవాడు ఎదురుచూసే ప్రశ్నలకు జవాబులు తయారుచేసుకుని వస్తాడు. పక్కనుంచి వచ్చే ప్రశ్నకు తయారీ ఉండదు. 2009లో వ్రై బృందం కొన్ని జంటల్ని పిలిచింది. కొందరు నిజంగా కలిసి హోటల్లో తిన్నారు, కొందరు తిన్నట్టు అబద్ధం చెప్పాలి. విడివిడిగా కూర్చోబెట్టి, ఎవరెక్కడ కూర్చున్నారో, బల్లలు ఎలా ఉన్నాయో బొమ్మ గీయమన్నారు. ఆ బొమ్మలు పోల్చి చూస్తే సుమారు 80 శాతం జంటల్ని సరిగ్గా విడదీయగలిగారు.

బ్యాంకులో పాడి రుణానికి వచ్చినవాళ్ల దగ్గర ఇలాంటి ప్రశ్నలు మాకు రోజూ అవసరమయ్యేవి. "ఎన్ని గేదెలు, ఎంత పాలు" అని అడిగితే అందరూ గడగడా చెబుతారు, ఎందుకంటే దరఖాస్తులో రాయించుకుని వచ్చారు. "పొద్దున పాలు ఎవరు పిండుతారు? వాళ్లు ఊరెళితే? పోయిన పూట వెన్న శాతం ఎంత వచ్చింది? ఎండుగడ్డి ఎక్కడ వామి వేశారు?" అని అడిగితే, పాడి ఉన్నవాడి ముఖం వెలిగిపోతుంది, ఆపమన్నా ఆపడు. లేనివాడు మళ్లీ గేదెల సంఖ్య దగ్గరకే వస్తాడు. మిర్చి మీద రుణమైతే ఎన్ని టిక్కీలు (బస్తాలు) అన్నదాని కన్నా, ఎన్నో కోత, కల్లంలో ఎన్ని రోజులు ఎండింది, ఏ కోల్డ్ స్టోరేజీలో పెట్టారు, యార్డుకు ఎవరి కమిషన్ కొట్టుకు వేస్తారు అన్నవి పనికొచ్చే ప్రశ్నలు. ఇవి గద్దించి అడగాల్సినవి కావు. ఆసక్తితో, మర్యాదగా, పెద్దాయనైతే "బాబాయ్ గారూ" అంటూ అడగాలి. గద్దిస్తే నిజాయితీపరుడు కూడా నోరు మూసుకుంటాడు, మనకు కావలసింది అతను ఎక్కువ మాట్లాడటం.

రెండో ఉపాయం, మన దగ్గరున్న ఆధారం ముందే చూపించకపోవడం. మనం ఇక్కడే తప్పు చేస్తాం. కోపంలో "ఇదిగో, నీ మీద ఇది దొరికింది, ఏమంటావ్?" అని మొదటి మాటే అనేస్తాం. వెంటనే దానికి అతికే కథ తయారవుతుంది. ఆధారం జేబులో పెట్టుకుని, ముందు మామూలుగా మాట్లాడించాలి, తర్వాత ఆ ఆధారానికి దగ్గరగా ఉన్న ప్రశ్నలు వేయాలి, చివర్లో చూపించాలి. 2006లో స్వీడన్‌లో హార్ట్‌విగ్ బృందం పోలీసు శిక్షణలో ఉన్నవాళ్లతో ఇదే చేయించింది. ఈ పద్ధతి నేర్పినవాళ్లు 85 శాతం సరిగ్గా తేల్చారు, నేర్పనివాళ్లు 56 శాతం. ఆ 56ని పైన చెప్పిన 54తో పక్కపక్కన పెట్టి చూడండి.

తుళ్లూరు, తాడేపల్లి వైపు స్థలం చూడటానికి వెళ్లేవాళ్లకు ఇది బాగా అక్కరకొస్తుంది. వెళ్లకముందే ఈసీ (ఆ స్థలం మీద నమోదైన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం) తీయించి చదువుకోండి. అందులో తనఖా కనిపించింది అనుకోండి. అది సంచిలోనే ఉంచి, టీ తాగుతూ "దీని మీద ఎప్పుడైనా లోను తీసుకున్నారాండీ?" అని అడగండి. "అవునండీ, ఫలానా అవసరానికి తీసుకున్నాం, మీరిచ్చే డబ్బుతో తీర్చేస్తాం" అంటే ఆ మనిషితో ముందుకు మాట్లాడవచ్చు. "అబ్బే, క్లియర్ టైటిల్ సార్, నా మీద నమ్మకం లేదా?" అంటే ఇక మీరు ముఖం చూడక్కర్లేదు, చెప్పులేసుకుని వచ్చేయవచ్చు.

కాగితం, లేదా బయటి ఆధారం

తనిఖీకి దొరికే విషయమైతే మనిషిని పరీక్షించడం మాని విషయాన్నే పరీక్షించండి. స్థలానికి ఈసీ, సర్టిఫైడ్ కాపీలు రిజిస్ట్రేషన్ శాఖ నుంచి నేరుగా తీసుకోవాలి, అమ్మేవాడు ఇచ్చిన జిరాక్సులు చాలవు. వ్యవసాయ భూమికి అడంగల్, 1బీ అనే రికార్డులు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మీభూమి సైటులో చూడవచ్చు. ఫ్లాటుకు రెరా నమోదు నంబరు అడిగి, ఆ నంబరు మీరే సైటులో కొట్టి చూడండి. పాత బండికి ఎంపరివాహన్ యాప్‌లో ఆర్సీ వివరాలు, ఫైనాన్స్ ఇంకా ఉందా లేదా కనిపిస్తాయి. ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందని ఫైనాన్సరు ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వకండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నా, ఇంకెక్కడ కొన్నా, హాల్‌మార్క్ వేసిన బంగారు నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు. చీటీ అయితే చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదైందా అన్నది మొదటి ప్రశ్న. "మనవాడే, ఇరవై ఏళ్లుగా నడుపుతున్నాడు" అన్నది జవాబు కాదు. యూపీఐలో డబ్బు పంపానని ఎవరైనా స్క్రీన్‌షాట్ చూపిస్తే, వాళ్ల ఫోను చూడకండి, మీ ఖాతా చూసుకోండి.

కాగితానికి హద్దు ఉంది. జరిగినదాన్ని అది చెబుతుంది, రేపు ఏం చేస్తాడో చెప్పదు. అబ్బాయి జీతం ఎంతో పే స్లిప్ చెబుతుంది, తాగుతాడా లేదా చెప్పదు. అక్కడ నలుగురిని వాకబు చేయడమే దారి. చేసేటప్పుడు అవతలివాళ్లు ఇచ్చిన పేర్లను మాత్రమే అడిగి ఊరుకోవద్దు. పాత అద్దె ఇంటి ఓనరు, ఆఫీసులో మరో సెక్షన్ వాళ్లు, వీధి చివర ఇస్త్రీ చేసే ఆయన, వీళ్లలో ఒకరితోనైనా మాట్లాడాలి.

యంత్రం గురించి

లై డిటెక్టర్ అనే పాలిగ్రాఫ్ రక్తపోటు, నాడి, ఊపిరి, చర్మం మీద చెమటను కొలుస్తుంది. అంటే అది పట్టేది కూడా ఒంటిలోని కంగారునే. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2003లో దీన్ని పరిశీలించి, ఊహ కన్నా మెరుగే గానీ నమ్ముకోదగ్గంత కచ్చితం కాదని తేల్చింది. మన సుప్రీంకోర్టు సెల్వి కేసులో 2010 మే 5న, మనిషి ఒప్పుకోకుండా పాలిగ్రాఫ్, నార్కో (మందు ఇచ్చి మగతలో ప్రశ్నించడం), బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయకూడదని చెప్పింది. సొంతానికి ఇలాంటివి వాడాలన్న ఆలోచనే పెట్టుకోవద్దు. ఫోనులో గొంతు విని అబద్ధం చెప్పేస్తామనే యాప్‌లూ అంతే.

ఏ సందర్భానికి ఏది

ఇల్లు అద్దెకివ్వడం, బండి, స్థలం, నగ, చీటీ: వీటికి ముందు కాగితం, తర్వాత ప్రశ్నలు. ముఖాన్ని లెక్కలోకి తీసుకోకండి. మనిషి మంచివాడిలా ఉన్నాడు అన్న ఒక్క మాటతో కాగితం అడగడం మానేయడమే ఈ వ్యవహారాల్లో జరిగే అసలు నష్టం.

ఉద్యోగంలోకి తీసుకోవడంలో ప్రశ్నలకు మొదటి స్థానం. చేసిన పని గురించి లోతుగా అడగండి, కుదిరితే ఒక పూట పని చేయించి చూడండి. ఇంటర్వ్యూలో చేతులు వణకడం ఉద్యోగం అవసరమైన మనిషి లక్షణం.

ఫోనులో వచ్చే బెదిరింపుల్లో ముఖం ఉన్నా దండగే. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం, వెనక ఫైళ్లు, గంభీరమైన ముఖం అన్నీ కనిపిస్తాయి, నటన బాగుంటుంది కూడా. వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని వాళ్లు చెప్పే డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేదు. మాట్లాడి నిజానిజాలు తేల్చుకోవాలని ప్రయత్నించకండి, కాల్ కట్ చేసి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పండి.

ఇంట్లో వస్తువు పోయినప్పుడు పనివాళ్ల విషయంలో నా మాట ఒకటే. ముఖం, ఒళ్లు, గొంతు మూడింటినీ పూర్తిగా పక్కన పెట్టండి. ఇల్లంతా రెండు రోజులు వెతకండి. చివరిసారి ఎవరు, ఎప్పుడు చూశారో ఇంట్లోవాళ్లే రాసుకోండి. ఆ తర్వాత కూడా అడగాల్సి వస్తే నలుగురి ముందు కాకుండా, "నువ్వు తీశావా" అని కాకుండా, "ఆ రోజు గదిలో ఏమేం సర్దావమ్మా, గుర్తుందా?" అని అడగండి. ఒక్క అపార్ట్‌మెంట్‌లో పడిన నింద వాచ్‌మన్ నోటా లిఫ్టు దగ్గరా పాకి, ఆ మనిషికి ఆ వీధిలోనే పని లేకుండా చేస్తుంది. పోయిన గాజు సోఫా సందులో దొరికినా ఆ వార్త అంత వేగంగా పాకదు.

పిల్లల సంగతి వేరు. రెండు మూడేళ్ల వయసు నుంచే పిల్లలు చిన్న చిన్న అబద్ధాలు చెప్పడం మొదలుపెడతారు, అది వాళ్ల ఎదుగుదలలో భాగం. పెరిగేకొద్దీ వాళ్ల ముఖం చూసి పట్టడం అమ్మానాన్నలకు కూడా కష్టమవుతుంది. ఇక్కడ పట్టుకునే దారి వెతకడం కన్నా, నిజం చెప్పేలా చేసే దారి ఎంచుకోవడం మంచిది. కెనడాలో విక్టోరియా తల్వార్, కాంగ్ లీ చేసిన ప్రయోగాల్లో, అడిగే ముందు "నిజమే చెబుతానని మాటివ్వు" అని పిల్లల దగ్గర మాట తీసుకుంటే నిజం చెప్పినవాళ్లు పెరిగారు. పశ్చిమ ఆఫ్రికాలో రెండు బడులను పోల్చినప్పుడు, కొట్టే బడిలోని పిల్లలే అబద్ధాన్ని ఎక్కువ నేర్పుగా నిలబెట్టుకున్నారని 2011లో వాళ్లే రాశారు. కాబట్టి మార్కుల లిస్టు మీ చేతికొచ్చాక "ఎన్నొచ్చాయి?" అని పరీక్ష పెట్టకండి. లిస్టు బల్ల మీద పెట్టి, అన్నం తిన్నాక, "లెక్కల్లో ఎక్కడ ఇబ్బందవుతోంది నాన్నా?" అని మొదలుపెట్టండి.